బీన్‌స్టాక్‌డి

బీన్‌స్టాక్‌డి అనేది పనులను వరుసలో నిలిపి, వాటిని తీరిక ఉన్న ప్రోగ్రాములకు ఒక్కొక్కటిగా అందించే సర్వరు సాఫ్టువేరు. ఇటువంటి సర్వర్లను జాబ్ క్యూ సర్వర్లు లేదా పని వరుస సర్వర్లు అని అంటారు. దీనిని సి భాషలో వ్రాశారు. ఎం.ఐ.టి. లైసెన్సుతో లభించే స్వేచ్ఛా సాఫ్టువేరు ఇది. సర్వరుతో మాట్లాడడానికి అనేక ప్రోగ్రామింగు భాషలలో క్లయింటు లైబ్రరీలు ఉన్నాయి. వీటిలో జావాస్క్రిప్టు కొరకు వ్రాసిన కొన్ని, "ప్రామిస్" అనే భావనపై ఆధారపడి పనిచేస్తాయి. ఈ వ్యాసంలో సర్వరు పనిచేసే తీరు, ప్రామిస్ ఆధారిత క్లయింటుతో దానిని వాడే విధానం, అందులో ఎదురయ్యే చిక్కులు వివరించబడినవి.

పని వరుస అవసరం

వెబ్‌సైటులో ఒక బొత్తాము నొక్కినపుడు జరగవలసిన పనులన్నీ ఒకే సమయాన్ని తీసుకోవు. దరఖాస్తును డేటాబేసులో నమోదు చేయడానికి క్షణంలో కొంత భాగం సరిపోతుంది. అదే దరఖాస్తుదారుకు సంక్షిప్త సందేశం పంపడానికి, ధ్రువపత్రాన్ని తయారు చేయడానికి, ఛాయాచిత్రాన్ని కుదించడానికి అనేక క్షణాలు పట్టవచ్చు. ఇవన్నీ పూర్తి అయ్యేవరకు పాఠకుని తెరను ఆపి ఉంచడం మంచి పద్ధతి కాదు. ఒకేసారి వేలమంది వచ్చిన రోజున, ఉదాహరణకు పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున, సర్వరు పూర్తిగా స్తంభించే ప్రమాదం కూడా ఉన్నది.

దీనికి పరిష్కారం, ఆలస్యమయ్యే పనిని ఒక చీటీపై వ్రాసి వరుసలో పెట్టి, పాఠకునికి వెంటనే జవాబు ఇవ్వడం. వ్యవసాయ మార్కెట్ యార్డుకు సరుకు తెచ్చిన రైతు చీటీ తీసుకొని వరుసలో ఉంటాడు. ఖాళీ అయిన కాటా వద్దకు తరువాతి చీటీని పిలుస్తారు. చీటీలు ఇచ్చేవారు తూకం వేయరు, తూకం వేసేవారు చీటీలు ఇవ్వరు. ఒక కాటా పాడైనా మిగిలిన కాటాల వద్ద పని సాగుతుంది. పని వరుస సర్వరు కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. పనిని పంపే ప్రోగ్రామును ఉత్పత్తిదారు అని, పనిని తీసుకొని చేసే ప్రోగ్రామును వర్కరు అని పిలుస్తారు.

చరిత్ర

ఈ కోవకు చెందిన సర్వర్లలో గేర్‌మన్ ముందుగా వచ్చినది. లైవ్‌జర్నల్‌ను నడిపిన డాంగా ఇంటరాక్టివ్ సంస్థలో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ ప్రభృతులు దీనిని 2005లో రూపొందించారు. మేనేజర్ అనే ఆంగ్ల పదంలోని అక్షరాలను తారుమారు చేయగా గేర్‌మన్ అనే పేరు వచ్చింది.

బీన్‌స్టాక్‌డిని కీత్ రారిక్ 2007లో వ్రాశాడు. ఫేస్‌బుక్‌లో నడిచిన కాజెస్ అనే అప్లికేషనులో పుటలు త్వరగా తెరుచుకొనేలా చేయడం దీని తొలి లక్ష్యం. దీని సంభాషణా నియమావళి మెమ్‌క్యాష్‌డి అనే సర్వరు నియమావళిని పోలి ఉంటుంది. మొదట్లో పనులన్నీ కంప్యూటరు జ్ఞాపకంలో మాత్రమే ఉండేవి. 1.4 వెర్షను నుండి పనులను డిస్కుపై నమోదు చేసే వీలు కల్పించారు.

ప్రామిస్ అనే భావన వీటికంటే పాతది. ఆ పదాన్ని 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ వాడారు. 1988లో బార్బరా లిస్కోవ్, ల్యూబా శ్రీరా వేరే కంప్యూటరుపై నడిచే ప్రోగ్రాములను పిలవడానికి దీనిని విస్తరించారు. జావాస్క్రిప్టు ప్రమాణంలో ప్రామిస్‌కు 2015లో చోటు లభించింది. ఎసింక్, అవెయిట్ అనే పదాలు 2017లో చేరాయి. 2009లో ర్యాన్ డాల్ రూపొందించిన నోడ్ జేఎస్ వలన జావాస్క్రిప్టు బ్రౌజరును దాటి సర్వర్ల వైపుకు వచ్చింది కనుక, పని వరుసలతో మాట్లాడవలసిన అవసరమూ వచ్చింది.

సర్వరు పనిచేసే విధానం

బీన్‌స్టాక్‌డి సాధారణంగా 11300 అనే పోర్టు వద్ద వింటుంది. క్లయింటు టీసీపీ కనెక్షను ద్వారా ఆదేశాలు పంపుతుంది, సర్వరు ఒక్కొక్క ఆదేశానికి ఒక్కొక్క జవాబు ఇస్తుంది. ఆదేశాలు చదవగలిగే ఆంగ్ల పదాలే. వాటిలో ముఖ్యమైనవి:

* పుట్ – కొత్త పనిని వరుసలో చేర్చుతుంది.
* రిజర్వ్ – వరుసలో ముందున్న పనిని వర్కరుకు అప్పగిస్తుంది. పని లేకపోతే వచ్చేవరకు వేచి ఉంటుంది.
* డిలీట్ – పూర్తి అయిన పనిని తొలగిస్తుంది.
* రిలీజ్ – చేయలేకపోయిన పనిని తిరిగి వరుసలో పెడుతుంది.
* బరీ – చిక్కు ఉన్న పనిని పక్కన పాతిపెడుతుంది.
* కిక్ – పాతిపెట్టిన పనులను మరల వరుసలోకి తెస్తుంది.
* టచ్ – పనికి మరికొంత గడువు అడుగుతుంది.

ఒక్కొక్క పనికి నాలుగు స్థితులు ఉంటాయి: సిద్ధం, అప్పగింత, ఆలస్యం, పాతిపెట్టినది. పుట్ ఆదేశంతో పాటు ప్రాధాన్యత, ఆలస్యం, గడువు, పని పరిమాణం అనే నాలుగు అంకెలు పంపాలి. ప్రాధాన్యత 0 అయితే అన్నిటికంటే అత్యవసరమని అర్థం. అంకె పెరిగేకొద్దీ అవసరం తగ్గుతుంది. గరిష్ఠ అంకె 4,294,967,295. ప్రాధాన్యత సమానమైన పనులలో ముందు వచ్చినది ముందు వెళుతుంది. ఆలస్యం, గడువు సెకనులలో ఉంటాయి.

గడువు అనేది ఈ సర్వరులో కీలకమైన ఏర్పాటు. వర్కరు పనిని తీసుకున్న క్షణం నుండి గడియారం నడుస్తుంది. గడువు లోపల డిలీట్, రిలీజ్, బరీ ఆదేశాలలో ఏదీ రాకపోతే, వర్కరు మరణించినదని భావించి సర్వరు ఆ పనిని తిరిగి సిద్ధం స్థితిలోకి తెస్తుంది. వర్కరు కనెక్షను తెగిపోయినా అదే జరుగుతుంది. అందువలన విద్యుత్తు పోయి ఒక వర్కరు ఆగిపోయినంత మాత్రాన పని నష్టపోదు.

వేర్వేరు రకాల పనులను వేర్వేరు వరుసలలో ఉంచవచ్చు. వీటిని ట్యూబులు అంటారు. ఉత్పత్తిదారు యూజ్ ఆదేశంతో ఒక ట్యూబును ఎంచుకుంటుంది. వర్కరు వాచ్ ఆదేశంతో ఎన్ని ట్యూబులనైనా గమనించవచ్చు, ఇగ్నోర్ ఆదేశంతో వదిలివేయవచ్చు. ఏదీ ఎంచుకోకపోతే డిఫాల్ట్ అనే ట్యూబు వర్తిస్తుంది. ట్యూబు పేరు 200 బైట్లకు మించరాదు. ఆస్కీ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే చెల్లుతాయి కనుక ట్యూబులకు తెలుగు లిపిలో పేర్లు పెట్టడానికి వీలు లేదు. పనిలోని సమాచారానికి మాత్రం ఈ నిబంధన లేదు.

ప్రామిస్ ఆధారిత క్లయింటు

సర్వరు నుండి జవాబు రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలో నోడ్ జేఎస్ ప్రోగ్రాము చేతులు ముడుచుకొని కూర్చోదు, ఇతర పనులు చూసుకుంటుంది. జవాబు వచ్చినపుడు ఏమి చేయాలో ముందుగానే చెప్పి ఉంచాలి. పాత లైబ్రరీలలో ఇందుకు కాల్‌బ్యాక్ ఫంక్షను ఇచ్చేవారు. ఒక ఆదేశం తరువాత మరొకటి ఇవ్వవలసినపుడు ఒక ఫంక్షను లోపల ఇంకొక ఫంక్షను చేరి, ప్రోగ్రాము చదవడం కష్టమయ్యేది. తప్పు జరిగితే ప్రతి మెట్టు వద్దా విడిగా చూసుకోవలసి వచ్చేది.

ప్రామిస్ అంటే భవిష్యత్తులో రాబోయే జవాబుకు ప్రతినిధిగా చేతికి వచ్చే వస్తువు. అది మూడు స్థితులలో ఒకదానిలో ఉంటుంది: వేచి ఉన్నది, నెరవేరినది, తిరస్కరించబడినది. ఒకసారి నెరవేరినా లేదా తిరస్కరించబడినా ఇక మారదు. అవెయిట్ అనే పదం వాడితే ప్రామిస్ తేలేవరకు ఆ ఫంక్షను ఆగుతుంది, ప్రోగ్రాములోని మిగిలిన భాగాలు నడుస్తూనే ఉంటాయి. నోడ్ జేఎస్ కొరకు వచ్చిన జాక్‌డి అనే లైబ్రరీ ఈ పద్ధతిని అనుసరిస్తుంది. కొంత పాతదైన ఫైవ్‌బీన్స్ లైబ్రరీ కాల్‌బ్యాక్ పద్ధతిలో ఉన్నది. పీహెచ్‌పీలో ఫీన్‌స్టాక్, పైథాన్‌లో గ్రీన్‌స్టాక్, రూబీలో బీన్‌ఈటర్ వంటి లైబ్రరీలు ఉన్నాయి.

బీన్‌స్టాక్‌డి జవాబులపై ఏ ఆదేశానికి చెందినదో తెలిపే సంఖ్య ఉండదు. ఆదేశాలు వెళ్ళిన క్రమంలోనే జవాబులు వస్తాయి. కనుక క్లయింటు లైబ్రరీ, తాను పంపిన ఆదేశాల ప్రామిస్‌లను ఒక జాబితాలో క్రమంగా పెట్టుకుని, వచ్చిన ప్రతి జవాబును జాబితాలో మొదటి ప్రామిస్‌కు ఇస్తుంది. ఈ ఏర్పాటును గుర్తుంచుకుంటే క్రింద చెప్పిన చాలా నియమాలకు కారణం తెలుస్తుంది.

వాడే క్రమం

ఉత్పత్తిదారు వైపు నాలుగు మెట్లు ఉన్నాయి. మొదట కనెక్షను తెరచి, ఆ ప్రామిస్ నెరవేరేవరకు ఆగాలి. తరువాత యూజ్ ఆదేశంతో ట్యూబును ఎంచుకోవాలి. పిమ్మట పని వివరాలను జేసన్ రూపంలోకి మార్చి పుట్ ఆదేశం ఇవ్వాలి. ప్రామిస్ నెరవేరినపుడు సర్వరు ఇచ్చిన పని సంఖ్య లభిస్తుంది. చివరగా కనెక్షను మూయాలి.

వర్కరు వైపు, వాచ్ ఆదేశం ఇచ్చిన తరువాత ఒక అంతులేని ఆవృత్తి ఉంటుంది. రిజర్వ్ ప్రామిస్ నెరవేరగానే పని సంఖ్య, పని సమాచారం వస్తాయి. పనిని పూర్తి చేసి, ఆ తరువాతనే డిలీట్ చేయాలి. పనికి ముందే డిలీట్ చేస్తే, మధ్యలో వర్కరు ఆగిపోయినపుడు పని శాశ్వతంగా పోతుంది. పని విఫలమైతే క్యాచ్ భాగంలో రిలీజ్ లేదా బరీ ఆదేశం ఇవ్వాలి. ఎన్నిసార్లు విఫలమైనదో సర్వరు ఇచ్చే పని గణాంకాలలో తెలుస్తుంది. కొన్ని ప్రయత్నాల తరువాత కూడా కాని పనిని పాతిపెట్టి, మనుషులు పరిశీలించడం మంచిది. లేకపోతే అదే పని తిరిగి తిరిగి వచ్చి మిగిలిన పనులకు అడ్డుపడుతుంది.

పుట్, రిజర్వ్ ఆదేశాలకు ఒకే కనెక్షను వాడరాదు. పని లేనపుడు రిజర్వ్ ఆదేశం వేచి ఉంటుంది. దాని వెనుక పంపిన పుట్ ఆదేశాన్ని సర్వరు చూడదు. ఆ పుట్ కొరకే రిజర్వ్ ఎదురుచూస్తున్నట్లయితే రెండు ప్రామిస్‌లూ ఎప్పటికీ తేలవు. తప్పు సందేశం కూడా రాదు. కనుక ఉత్పత్తిదారుకు ఒకటి, ఒక్కొక్క వర్కరుకు ఒకటి చొప్పున విడి కనెక్షన్లు ఉండాలి. గడువు చెప్పి వేచి ఉండే రిజర్వ్ ఆదేశం కూడా ఉన్నది. అప్పగించిన పనిని తీసుకున్న కనెక్షను ద్వారానే డిలీట్ చేయాలన్నది మరొక నియమం.

తెలుగు సమాచారం, బైట్ల లెక్క

పుట్ ఆదేశంలో చెప్పే పరిమాణం బైట్లలో ఉండాలి, అక్షరాలలో కాదు. ఆంగ్లంలో ఈ రెండూ ఒకటే కనుక తేడా బయటపడదు. తెలుగులో వెంటనే బయటపడుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని మండల కేంద్రమైన కోడేరు పేరునే తీసుకుంటే, చదువరికి అందులో మూడు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడులో హల్లులు, గుణింతపు గుర్తులు విడివిడిగా ఉంటాయి కనుక ఆరు సంకేతాలు ఉన్నాయి. జావాస్క్రిప్టులో ఆ పదం పొడవు అడిగితే 6 అని వస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి కనుక సర్వరుకు చెప్పవలసిన అంకె 18. నాగర్‌కర్నూల్ అనే పదంలో ర్ తరువాత కంటికి కనిపించని విభజక సంకేతాన్ని కూడా కలుపుకొని 13 సంకేతాలు, 39 బైట్లు అవుతాయి.

18కి బదులు 6 అని చెబితే, సర్వరు ఆరు బైట్లు చదివి, వాటి వెనుక పంక్తి ముగింపు గుర్తు కొరకు చూస్తుంది. అది కనిపించదు కనుక తప్పు అని జవాబు ఇస్తుంది. మిగిలిపోయిన బైట్లను కొత్త ఆదేశంగా భావించి, అర్థం కాలేదని మరొక జవాబు పంపుతుంది. ఒక ఆదేశానికి రెండు జవాబులు వచ్చినందున క్లయింటు జాబితా ఒక స్థానం జరిగిపోతుంది. ఆపై ప్రతి ప్రామిస్‌కూ వేరొకరి జవాబు అందుతుంది. తప్పు ఒకచోట జరిగితే లక్షణాలు మరొకచోట కనిపిస్తాయి. ఇటువంటి స్థితిలో ఆ కనెక్షనును మూసి కొత్తది తెరవడమే సురక్షితం.

జవాబులను చదివేటపుడు కూడా జాగ్రత్త అవసరం. టీసీపీ సమాచారాన్ని ముక్కలుగా అందించవచ్చు. ఒక ముక్క మూడు బైట్ల తెలుగు సంకేతం మధ్యలో తెగిపోవచ్చు. ముక్కలను విడివిడిగా అక్షరాలుగా మార్చితే ఆ చోట పాఠ్యం చెడిపోతుంది. సర్వరు చెప్పిన బైట్లు పూర్తిగా చేరిన తరువాతనే మార్చాలి. పని పరిమాణానికి సర్వరు పెట్టే సహజ పరిమితి 65,535 బైట్లు. కేవలం తెలుగు సంకేతాలే ఉంటే 21,845 సంకేతాలతో ఈ పరిమితి నిండుతుంది. పెద్ద పత్రాలను డిస్కుపై లేదా డేటాబేసులో ఉంచి, పనిలో వాటి సంఖ్యను మాత్రం పంపడం మంచి అలవాటు.

ప్రామిస్ నెరవేరడం అంటే ఏమిటి

పుట్ ఆదేశపు ప్రామిస్ నెరవేరితే పని వరుసలో చేరినదని మాత్రమే అర్థం, పని పూర్తి అయినదని కాదు. బీన్‌స్టాక్‌డిలో పని ఫలితాన్ని ఉత్పత్తిదారుకు తిరిగి పంపే ఏర్పాటు లేదు. గేర్‌మన్‌లో అటువంటి ఏర్పాటు ఉన్నది. కనుక "మీ పని పూర్తి అయినది" అని పాఠకునికి చూపవలసినది పుట్ నెరవేరినపుడు కాదు, వర్కరు ఫలితాన్ని డేటాబేసులో వ్రాసిన తరువాత.

అలాగే ప్రామిస్ తిరస్కరించబడితే పని చేరలేదని నిశ్చయంగా చెప్పలేము. ఆదేశం సర్వరుకు చేరి, జవాబు తిరిగి వచ్చేలోగా కనెక్షను తెగి ఉండవచ్చు. మరల పుట్ చేస్తే పని రెండుసార్లు చేరే అవకాశం ఉన్నది. గడువు దాటిన తరువాత కూడా మొదటి వర్కరు నెమ్మదిగా పనిచేస్తూ ఉంటే, రెండవ వర్కరు అదే పనిని మొదలుపెడుతుంది. అంటే ఈ వరుసలో పని కనీసం ఒకసారి జరిగేలా చూడవచ్చు గాని, సరిగ్గా ఒకేసారి జరుగుతుందన్న హామీ ఉండదు.

దీని తీవ్రతను ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. కోడేరులోని ఒక సంఘం, వేరుశనగ అమ్మిన 1,000 మంది రైతుల ఖాతాలలో సొమ్ము జమ చేయడానికి 1,000 పనులను వరుసలో పెట్టినదనుకుందాం. బ్యాంకు జవాబు రావడానికి 90 సెకనులు పట్టినది, గడువు 60 సెకనులు మాత్రమే. సొమ్ము జమ అవుతున్న సమయంలోనే ఆ పని రెండవ వర్కరు చేతికి వెళుతుంది. ఒక రైతుకు రెండుసార్లు సొమ్ము జమ అవుతుంది. తరువాత దానిని వెనుకకు తీసుకోవలసి వచ్చినపుడు, అప్పటికే అప్పు తీర్చడానికి వాడుకున్న రైతు ఇబ్బంది పడతాడు. సందేశం రెండుసార్లు వెళితే చికాకు మాత్రమే, సొమ్ము రెండుసార్లు వెళితే నష్టం.

దీనికి నివారణ మూడు విధాలు. మొదటిది, ఒక్కొక్క చెల్లింపుకు ఒక విశిష్ట సంఖ్యను ఇచ్చి, డేటాబేసులో ఆ సంఖ్య రెండవసారి చేరకుండా నిబంధన పెట్టాలి. చెల్లింపు జరిపే వ్యవస్థకు కూడా ఆ సంఖ్యనే పంపాలి. సర్వరు ఇచ్చే పని సంఖ్య ఇందుకు పనికిరాదు, ఎందుకంటే రెండవ పుట్‌కు వేరే పని సంఖ్య వస్తుంది. రెండవది, గడువును పనికి పట్టే అత్యధిక సమయం కంటే ఎక్కువగా ఉంచాలి. మూడవది, దీర్ఘమైన పనులలో మధ్యమధ్య టచ్ ఆదేశం ఇవ్వాలి. రెండవ, మూడవ పద్ధతులు ప్రమాదాన్ని తగ్గిస్తాయి, తొలగించవు. మొదటిది ఉంటేనే పునరావృతం వలన హాని జరగదు.

అనేక పుట్ ఆదేశాలను ప్రామిస్ ఆల్ అనే ఫంక్షనుతో కలిపి పంపినపుడు కూడా ఇదే చిక్కు ఉన్నది. వాటిలో ఒక్కటి తిరస్కరించబడినా మొత్తం తిరస్కరించబడినట్లు కనిపిస్తుంది. మిగిలినవి అప్పటికే వరుసలో చేరి ఉంటాయి. అన్నిటినీ మరల పంపితే చేరినవి రెండింతలవుతాయి. 2020 ప్రమాణంలో వచ్చిన ఆల్ సెటిల్డ్ అనే ఫంక్షను ఒక్కొక్క దాని ఫలితాన్ని విడిగా చెబుతుంది కనుక ఇక్కడ అదే మేలు.

తిరస్కరణను పట్టుకోకుండా వదిలివేయరాదు. 2020లో వెలువడిన నోడ్ జేఎస్ 15వ వెర్షను నుండి, ఎవరూ పట్టుకోని తిరస్కరణ సహజంగా ప్రోగ్రామునే ఆపివేస్తుంది. వర్కరును ఉద్దేశపూర్వకంగా ఆపవలసి వచ్చినపుడు కొత్త రిజర్వ్ ఆదేశం ఇవ్వకుండా, చేతిలోని పనిని ముగించి, డిలీట్ ప్రామిస్ నెరవేరిన తరువాత కనెక్షను మూయాలి.

పరిమితులు

* బీన్‌స్టాక్‌డిలో వాడుకరి పేరు, సంకేతపదం వంటి రక్షణ లేదు. పోర్టును చేరగలిగిన వారెవరైనా పనులను చూడవచ్చు, తొలగించవచ్చు. కనుక దానిని అంతర్జాలానికి తెరచి ఉంచరాదు.
* సంభాషణ గుప్తీకరించబడదు.
* డిస్కుపై నమోదు చేసే ఐచ్ఛికాన్ని ఎంచుకోకపోతే, సర్వరు ఆగినపుడు పనులన్నీ పోతాయి.
* ఒక సర్వరులోని పనుల నకలును మరొక సర్వరులో ఉంచే ఏర్పాటు లేదు.

రక్షణ, నకళ్ళు తప్పనిసరి అయినచోట రాబిట్ ఎంక్యూ వంటి పెద్ద వ్యవస్థలను వాడుతారు. చిన్న సంస్థలకు, విద్యార్థుల ప్రాజెక్టులకు, ఒకే సర్వరుపై నడిచే వెబ్‌సైట్లకు బీన్‌స్టాక్‌డి సరిపోతుంది. దీని ఆదేశాలు కొద్దివి, నియమావళి చిన్నది కావడం వలన పని వరుసల స్వభావాన్ని నేర్చుకోవడానికి కూడా ఇది అనువైనది.

ఇవి కూడా చూడండి

* గేర్‌మన్
* మెమ్‌క్యాష్‌డి
* నోడ్ జేఎస్
* యూనికోడు
* కోడేరు